ఊకె నడుసుడు

మా పాలమూరులో తిరగడం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మగవాడు తిరిగితే నాలుగూళ్లు చూసినవాడు, లోకం తెలిసినవాడు. ఆడమనిషి తిరిగితే ఏమంటారో నేను రాయనక్కర్లేదు. తెలుగు చదివే ప్రతి స్త్రీకి ఆ మాట ఏదో ఒక వయసులో తగిలే ఉంటుంది. గడప దాటగానే ఎదురింటి అరుగు మీంచి వచ్చే మొదటి ప్రశ్న "యాడికి?" దానికి జవాబుగా ఒక పని చెప్పాలి. కూరగాయలకు, గుడికి, దవాఖానకు, పిల్లల ఫీజు కట్టడానికి. "ఊకె పోతున్న" అన్న జవాబు మగవాళ్ల నోట్లో చెల్లుబాటవుతుంది, మా నోట్లో కాదు. పని లేకుండా బయట కనిపించడమే ఒక తప్పు. ముంబయి గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో 'వై లాయిటర్' అనే పుస్తకం రాశారు. ఆడవాళ్లకు బయట ఊరికే నిలబడే హక్కు, కారణం చెప్పకుండా తిరిగే హక్కు కావాలని అందులో వాదిస్తారు. చదువుతున్నప్పుడు నాకు ముంబయి గుర్తు రాలేదు, మా వీధి అరుగులే గుర్తొచ్చాయి.

నేను వనపర్తిలో హైస్కూలు టీచర్ని, లెక్కలు చెబుతాను. ఇక్కడి సంస్థానాధీశుల రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. తెల్లవారుజామున ఊళ్లో నడిచేవాళ్లంతా మైదానాల్లో చేరతారు. 2022 దాకా వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే, రిటైరైన ఉద్యోగులు, వ్యాపారస్తులు. నడక అయ్యాక ఇడ్లీ బండి దగ్గర గంటసేపు రాజకీయాలు మాట్లాడుకుంటారు. ఆ గంటసేపే అసలు ఆరోగ్యమని నా అనుమానం.

మేము మొదలుపెట్టిన కారణం మాత్రం ఆదర్శమేమీ కాదు, షుగరు. మా వీధిలో నలుగురికి ఒకే ఏడాది బయటపడింది. డాక్టరు రాసిచ్చిన చీటీలో మందులతోపాటు "రోజూ నడక" అని ఉంది. చూశారా, చివరికి నడకకు కూడా చీటీ కావాలి! ఆ చీటీ వంటింటి గోడకు అంటించుకుంటే ఇక ఇంట్లో ఎవరూ ఆపలేరు. రోగం వల్ల దొరికిన అనుమతి. అట్లా నలుగురం కాస్తా తొమ్మిది మందిమయ్యాం. ఒక అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు గృహిణులు, బట్టల దుకాణంలో పనిచేసే చెల్లె, బీడీలు చుట్టే అత్తమ్మ, మా స్కూలు అటెండరు, ఇంకో టీచరు, నేను, మా అందరిలోకీ చురుకైన టైలరక్క. వంద రోజులు, మానకుండా, రోజుకు పదివేల అడుగులు అని పందెం పెట్టింది ఆవిడే. ఓడినవాళ్లు అందరికీ మిర్చి బజ్జీలు తినిపించాలి. షుగరు వాళ్ల పందేనికి ఇదేం బహుమతి అని నవ్వుకున్నాం.

బయటికి రాగానే ఎదురైన చిక్కులు ఏ ఆరోగ్య పత్రికలోనూ కనిపించవు. మొదటిది మెడలో పుస్తెలతాడు. చీకట్లో గొలుసులు తెంపుకుపోతున్నారని అందరికీ భయం. అంగన్‌వాడీ టీచరు తీసి బీరువాలో పెట్టి వస్తే వాళ్ల అత్తగారు మూడు రోజులు అన్నం తినలేదు. రెండోది చీర మీద బూట్లు. మా అటెండరు కాన్వాస్ బూట్లు కొనుక్కుని, వీధి మలుపు దాకా చేతిసంచిలో దాచుకొచ్చి, అక్కడ కల్వర్టు మీద కూర్చుని తొడుక్కునేది. నెల దాటాక ఒకరోజు ఇంట్లోనే తొడుక్కుని వచ్చింది. ఆ రోజు ఎవరం ఏమీ అనలేదు, అందరం ఆమె కాళ్లవైపు మాత్రం చూశాం. మూడోది టైము. ఐదింటికి బయటపడాలంటే నాలుగింటికి లేచి బియ్యం కడిగిపెట్టాలి, పప్పు నానబెట్టాలి. కేంద్ర ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వే 2019లో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. మళ్లీ 2024లో తీస్తే అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో మాకు పది నిమిషాలు తగ్గితే వాళ్లూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! లెక్కల టీచరుగా ఈ తీసివేతను పిల్లల చేత చేయించాలని నాకు భలే కోరిక.

ఇంతకీ ఈ పదివేలు ఎక్కడినుంచి వచ్చింది? టోక్యోలో 1964 ఒలింపిక్స్ జరిగాక, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్‌పో కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మకం కోసం పెట్టిన పేరు ప్రపంచానికంతటికీ సూత్రమై కూర్చుంది. ఆడవాళ్ల మీద చేసిన అసలు పరిశోధన 2019లో వచ్చింది. అమెరికాలో ఐ-మిన్ లీ బృందం సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలను పరిశీలించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు స్పష్టంగా తక్కువ. 7,500 దాటాక అదనంగా పెద్ద లాభం కనిపించలేదు. ఈ సంగతి చెప్పగానే మా బీడీల అత్తమ్మ "అయితే రెండున్నర వేలు మిగిలినయి గదా, పా, కూసోని మాట్లాడుదాం" అన్నది. ఆ రోజునుంచి ఇడ్లీ బండి దగ్గర మాకూ ఒక బెంచీ వచ్చింది.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం వేరే లెక్క. మా ఇంట్లో, మరో నాలుగిళ్లలో పనిచేసే అక్కను ఒకరోజు నా ఫోను నడుముకు చెక్కుకోమని ఇచ్చాను. మధ్యాహ్నం మూడింటికి తిరిగిచ్చేసరికి అందులో పద్నాలుగు వేలు దాటింది. మా తొమ్మిది మందిలో ఎవరికీ ఎన్నడూ రాని అంకె. "గెలిస్తివక్కా" అన్నాను. ఆమె నవ్వలేదు. "మరి నాకెందుకమ్మా మోకాళ్లు గుంజుతయి? మీకేమో నడిస్తే మంచిదన్నడు డాక్టరు" అని అడిగింది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. అడుగు అడుగే, ఫోనుకు తేడా తెలియదు. వంగి బండలు తుడుస్తూ వేసిన అడుగుకూ, చల్లగాలికి చేతులూపుకుంటూ వేసిన అడుగుకూ మధ్య ఉన్నదంతా వర్గమే, తీరికే, ఎవరి కోసం నడుస్తున్నామన్నదే.

మా అమ్మ దీన్ని ఇంకా సూటిగా చెప్పింది. ఆత్మకూరు దగ్గరి మా ఊరినుంచి అమ్మ, నాయిన పెళ్లయిన కొత్తలో వలస పోయారు. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఆనకట్టలు కట్టే ప్రతిచోటా తెలిసిన పేరు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ముప్పై నలభై మందిని లారీ ఎక్కించేవాడు. ఆ అప్పు తీరేదాకా పని. జంటలుగా తీసుకుపోయేవాళ్లు. మగవాడు తవ్వితే ఆడది తట్ట మోయాలి. కాలువ గట్టు ఎంత ఎత్తు లేస్తే అమ్మ అంత ఎత్తు ఎక్కేది, తలమీద మన్నుతో, రోజంతా. ఈ దేశంలో ఎన్ని కాలువ గట్ల మీద మా పాలమూరు ఆడవాళ్ల అడుగులున్నాయో ఏ మీటరూ లెక్కపెట్టలేదు. నేను నడకకు రమ్మంటే డెబ్బై రెండేళ్ల అమ్మ తన కాళ్లు చూపించింది. "ఇవి అరిగిపోయిన కాళ్లు బిడ్డా. ఊకె నడుసుడేంది? నడిస్తే కూలి రావాలె. నువ్వు పో, నీకు కుర్చీ నౌకరి గదా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. కూతురికి కుర్చీ ఉద్యోగం వచ్చిందన్న గర్వమే ఉంది.

ఆ శీతాకాలంలోనే మైదానంలో ఆడపిల్లలు కనిపించడం మొదలైంది. కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022లో నోటిఫికేషన్ పడింది. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి, రెండున్నర మీటర్లు దూకాలి, నాలుగు కిలోల గుండును నాలుగు మీటర్లు విసరాలి. చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు, కొందరికి బూట్లు కూడా లేవు. వాళ్లతోపాటే వాళ్లను చూడ్డానికి వచ్చే కుర్రాళ్లూ మొదలయ్యారు. గోడ మీద కూర్చుని ఈలలు, ఫోన్లలో వీడియోలు. మా వీధి పిల్ల ఒకతి ట్రాక్ ప్యాంటు వేసుకుని పరుగెత్తుతున్న వీడియో ఎవరో తీస్తే అది తిరిగి తిరిగి వాళ్ల నాన్న ఫోనుకే చేరింది. మర్నాడు పిల్ల రాలేదు. మూడో రోజూ రాలేదు.

టైలరక్క వాళ్లింటికి పోయింది, వెనకాలే మేమూ. ఆయన కోపిష్టివాడేం కాదు, భయస్థుడు. "రేపు పెండ్లి చెయ్యాలె గదక్కా" అన్నాడు. టైలరక్క పెళ్లి గురించి వాదించలేదు. "పిల్ల ఉరికేటప్పుడు మేం తొమ్మిది మందిమి గోడ పక్క నడుస్తం. ఎవడు ఫోను తీస్తడో సూస్తం" అన్నది. అంతే. మర్నాటినుంచి మా నడక దారి మారింది. గోడకు, పరుగు బాటకు మధ్య మేము, చీరలు, శాలువాలు, చేతుల్లో కుక్కల కోసం తెచ్చుకున్న కర్రలు. వారం తిరిగేసరికి గోడ ఖాళీ అయింది. ఆ పిల్ల పరుగు పరీక్ష నెగ్గింది, చివరి రాతపరీక్షలో పోయింది. ఇప్పుడు మళ్లీ చదువుతోంది.

ఈ 800 మీటర్ల వెనక పాత కథ ఒకటుంది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మొదటిసారి ఈ పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. పరుగు ముగిశాక కొందరు అలసి నేలమీద వాలిపోయారని, ఆడవాళ్ల శరీరం ఇంత దూరానికి తగదని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మగవాళ్లు అలసి పడిపోవడం ఎవరూ చూడనట్టు! తీసేశారు. మళ్లీ 1960లో రోమ్‌లో గానీ ఆ పరుగు రాలేదు. మధ్యలో ముప్పై రెండేళ్లు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు. వీడియో తీసిన కుర్రాడికి ఇదంతా తెలియదు గానీ, అతను చేసిందీ ఆ పత్రికలు చేసినదే. పరుగును వదిలేసి శరీరాన్ని చూశాడు.

మైదానం దాటి ఊళ్లు తిరగడం మాకు మహాలక్ష్మి వల్ల వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. "ఉత్తగ వస్తే ఊరంత తిరుగుతున్నరు" అన్న మాట ఎన్నిసార్లు విన్నామో. అవును, తిరుగుతున్నాం. గద్వాల కోటకు పోయాం. అంతకుముందు మాకు గద్వాల అంటే పెళ్లికి చీర కొనడానికి పోయే ఊరు, కోట లోపలికి వెళ్లినవాళ్లు మాలో ఒక్కరే. ఆ సంస్థానాన్ని చివరిదాకా ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆమె పేరుతో కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. అలంపురం పోయి నవబ్రహ్మ ఆలయాలు చూశాం. సోమశిలలో కృష్ణ ఒడ్డున కూర్చుని సద్దులు తిన్నాం. అక్కడ బట్టల దుకాణం చెల్లె నీళ్లవైపు చేయి చూపి "మా అమ్మమ్మ వాళ్ల ఊరు అండ్ల ఉంది" అన్నది. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981 ప్రాంతంలో మునిగిన ఊళ్లలో అదొకటి. గుళ్లను రాయి రాయి విప్పి గట్టు మీద మళ్లీ కట్టారు. ఇళ్లను అట్లా ఎవరు కడతారు? ఆ తర్వాత ఫొటోలు దిగుదామని ఎవరూ అనలేదు.

అసలైన పరీక్ష సలేశ్వరం. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, లోయ అడుగున ఉన్న లింగమయ్య. చైత్ర పున్నమి చుట్టూ కొద్ది రోజులే దారి తెరుస్తారు. చెంచులే పూజారులు. 2024లో పున్నమి ఏప్రిల్ 23న వచ్చింది. అచ్చంపేట దాకా బస్సు, అక్కడినుంచి జీపు, ఆపైన రాళ్లదారిలో సుమారు ఐదు కిలోమీటర్ల నడక. ఇందులో విచిత్రమేమంటే, మామూలుగా తీర్థమంటే కొండెక్కడం. ఇక్కడ దిగాలి. దిగేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అని, ఎక్కేవాళ్లు "పోతున్నం లింగమయ్యా" అని అరుస్తుంటే లోయంతా మోగుతుంది. ఒకచోట ఒకవైపు బండ, ఇంకోవైపు లోతు, మధ్యన ఒక మనిషి పట్టే దారి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు బండకు వీపు ఆనించి ఒకరికొకరు దారి ఇచ్చుకోవాలి. అక్కడ ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో కులం అడిగే తీరిక ఎవరికీ లేదు. ఊళ్లో మా బీడీల అత్తమ్మను దూరంగా కూర్చోబెట్టే ఇంటి ఆడపడుచులు ఆమె కర్ర అందుకుని దిగడం నా కళ్లతో చూశాను. పైకెక్కి జీపు దగ్గరికి వచ్చాక మళ్లీ ఎవరి సీటు వాళ్లదే అయిందనుకోండి.

ఏప్రిల్ ఎండలో అంత దూరం నడుస్తూ మాలో ఏడుగురు నీళ్లు తాగలేదు. దాహం లేక కాదు. తాగితే ఎక్కడ కూర్చోవాలన్న బెంగ. మగవాళ్లకు ప్రతి చెట్టూ చాటే. బడికెళ్లే రోజులనుంచీ గొంతు ఎండబెట్టుకుని బతకడం మాకు అలవాటు. ఫిట్‌నెస్ గురించి ఉపన్యసించేవాళ్లెవరూ దీన్ని ఒక అంశంగా గుర్తించినట్టు లేదు. సగం దారిలో అంగన్‌వాడీ టీచరుకు కళ్లు తిరిగి కూలబడింది. రెండు సీసాల నీళ్లు పట్టించి, ఎనిమిది మందిమి చీర కొంగులు పట్టుకుని నాలుగు దిక్కులా అడ్డం నిలబడ్డాం. లేచి వచ్చి ఆమె "ఇంత సుఖం ఏ తీర్థంల లేదు పొండి" అంటే అందరం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత మిగతావాళ్లమూ తాగాం.

అడుగుకు చేరితే పైనుంచి గుండంలోకి నీళ్లు. అంత ఎండల్లోనూ వణికించే చల్లదనం. టైలరక్క అందరికంటే ముందు దిగి చీరతోనే నీళ్లకింద నిలబడింది. ఎంతసేపు నిలబడిందంటే వెనకవాళ్లు కేకలేసేదాకా. యాభై మూడేళ్ల ఆ మనిషి ఆ పూట ఎవరి కోసమూ ఏమీ కుట్టలేదు, వండలేదు.

పక్కన రాతి మీద ఒక చెంచు తల్లి చంటిబిడ్డను చంకనేసుకుని కూర్చుని మమ్మల్ని చూస్తోంది. మేము ఆపసోపాలు పడి దిగిన దారిని ఆమె చెప్పుల్లేకుండా దిగింది. మాకు ఇది యాత్ర, ఆమెకు ఇల్లు. యురేనియం తవ్వకాలు వద్దని నల్లమల అంతా కదిలి, 2019 సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం చేసేదాకా వచ్చిన పోరాటం ఇక్కడిదే. "ఏడాదికి నాలుగొద్దులు మీరు, మిగిలిందంత మేము" అన్నది ఆమె, బిడ్డ మూతి తుడుస్తూ.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు మాలావత్ పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు, మొదటి శిక్షణ భువనగిరి బండ మీద. ఆమె పేరు చెప్పి స్కూల్లో మా ఆడపిల్లలను ఎంతగా ఊరిస్తానో నాకే తెలుసు. శిఖరాలు కావాలి. అయితే స్కాట్లాండ్‌లో నాన్ షెపర్డ్ అనే రచయిత్రి కెయిర్న్‌గార్మ్ కొండల్లో జీవితమంతా నడిచి, 1940లలో ఒక పుస్తకం రాసి, 1977 దాకా అచ్చువేయకుండా పెట్టుకుంది. 'ది లివింగ్ మౌంటెన్' దాని పేరు. ఆమెకు శిఖరం చేరడం ముఖ్యం కాదు, కొండ లోపలికి పోవడం ముఖ్యం. సలేశ్వరం దిగి వచ్చాక ఆ మాట నాకు పుస్తకంలో కంటే బాగా అర్థమైంది.

ఇప్పుడు మేము ఎనిమిది మందిమే. టైలరక్క కూతురికి కాన్పయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, మూడో నెల దాటగానే బిడ్డను తల్లి దగ్గర వదిలి పోయింది. అల్లుడి తల్లిదండ్రులు ఉన్నారు, ఆరోగ్యంగానే ఉన్నారు, వాళ్లు కూడా రోజూ నడుస్తారట. టైలరక్కకు మాత్రం తెల్లవారుజామున పాలసీసా. మేము మైదానానికి పోయే దారి మార్చుకున్నాం, రెండు వీధులు ఎక్కువ పడుతుంది. ఐదున్నరకు వాళ్లింటి ముందుకు వస్తే ఆమె మనవడిని భుజాన వేసుకుని గేటు తీసి సిద్ధంగా ఉంటుంది. వీధి చివర వేపచెట్టు దాకా మాతో నడుస్తుంది. పిల్లవాణ్ని వంతులవారీగా ఎత్తుకుంటాం, ఆ కాసేపూ ఆమె చేతులు ఖాళీ. చెట్టు దగ్గర బిడ్డను తీసుకుని వెనక్కి పోతుంది. పోనూ రానూ నాలుగు వందల అడుగులు, ఆమె లెక్కపెట్టింది.